నల్ల పలక మీద పసుపు అంకెలు

మా పిల్లలు గడిచిన వేసవులను సంవత్సరాలతో చెప్పరు. "క్వాలిస్‌లో వెళ్లిన ఏడాది", "ఇండికాలో తాతయ్య వచ్చిన ఏడాది", "వైపర్లు తిరిగిన ఏడాది" అంటారు. మా ఇంట్లో 2019 దాకా సొంత కారు లేకపోవడమే దీనికి మూలం. విద్యానగర్‌లో మేమున్న సందులో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిందే. కారు కొంటే రాత్రిపూట దాన్ని ఎక్కడ నిలపాలన్న ప్రశ్నకు ఇరవై ఏళ్లపాటు మాకెవరికీ జవాబు దొరకలేదు. పైగా మావారు డ్రైవింగు నేర్చుకోలేదు, నేర్చుకుంటానని ఎన్నడూ అననూ లేదు. 1994లో ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయంలో పరీక్షకు నిలబడి లైసెన్సు తెచ్చుకున్నది నేను. ఆ లైసెన్సుకు ఏడాదికి నాలుగైదు రోజులైనా పని కల్పించినవి ఏప్రిల్, మే నెలల అద్దె కార్లే.

అద్దె కారు అన్న మాట నేను మొదట విన్నది మాత్రం అంతకు పదకొండేళ్ల ముందు, 1983 మే నెలలో. శ్రీశైలం వెళ్లడానికి నాన్నగారు, పెదనాన్నగారు కలిసి ఒక అంబాసిడర్‌ను మాట్లాడారు. పెద్దవాళ్లు అయిదుగురు, పిల్లలం నలుగురం, పులిహోర డబ్బా, మంచినీళ్ల కూజా, మడతమంచం ఒకటి (అది ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు), ఇవన్నీ సర్దుకున్న తరువాత మిగిలిన జాగాలో డ్రైవరు ఎక్కాడు. అంబాసిడర్‌లో ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు, గేరు కర్ర స్టీరింగు కాడకే ఉండేది కనుక మధ్యలో కాళ్లకు అడ్డమేమీ లేదు. ముందు నలుగురం కూర్చున్నాం. డ్రైవరును ఆనుకుని కూర్చునే అదృష్టం నాకు దక్కింది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ఆయన ఎడమ పాదం క్లచ్ మీదనుంచి జరిగి నేల మీదున్న ఒక ఇనుప గుండీని టక్కున నొక్కేది, వెంటనే మా బండి దీపాల వెలుగు కిందికి వాలేది. చేతులతో చేసే పనిని కాలితో చేయడం నాకు గారడీలా తోచింది. శ్రీశైలంలో ఏం చూశానో సగం మరిచిపోయాను కాని, ఆ గుండీ మీది అరిగిన గీతలు కూడా కళ్లముందే ఉన్నాయి.

తెల్లవారి కల్వకుర్తి దాటేసరికి ఎండ చురుక్కుమనడం మొదలైంది. తలుపు అద్దానికి ముందు ముక్కోణపు చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని తిప్పి పెడితే గాలి తిన్నగా మొహానికి కొట్టేది. ఉదయం అది వింజామర, పది గంటల తరువాత కుంపటి మీద ఊదిన గొట్టం. డిండి దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. డ్రైవరు ఏమాత్రం కంగారుపడకుండా బానెట్ ఎత్తి, "గరమ్ అయింది, అంతే సాబ్" అని, భుజం మీది తువ్వాలును మా కూజాలోని నీళ్లతో తడిపి లోపల ఒక చోట చుట్టాడు. తాగే నీళ్లను ఇంజనుకు పోసినందుకు పెద్దమ్మకు కోపం వచ్చింది కాని, ఆవిడ కోపం చల్లారే లోపలే ఇంజను చల్లారి, బండి కదిలింది. ఆనాటి పెట్రోలు కార్లలో పెట్రోలును లాగి పంపే పంపు ఇంజను పక్కనే బిగించి ఉండేదనీ, ఎండా ఇంజను సెగా కలిసి పంపులోని పెట్రోలు ఆవిరి బుడగలు కడితే కార్బురేటరుకు ఇంధనం అందదనీ, తడి గుడ్డ ఆ ఆవిరిని తిరిగి ద్రవంగా మారుస్తుందనీ నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద గుడ్డ వేసినట్టే కనిపించింది. మన్ననూరు దాటి నల్లమలలో ఎక్కుడు మొదలయ్యాక ఇంకో మూడు చోట్ల ఆగవలసి వచ్చింది. రెండోసారి నుంచి గుడ్డ తడిపే బాధ్యతను నాన్నగారు తీసుకున్నారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు చూసే మనిషి, చొక్కా చేతులు మడిచి ఇంజను మీదికి వంగడం మా అమ్మకు ఎంత నచ్చిందో ఆవిడ ముఖంలో కనిపించింది.

పెళ్లయ్యాక మొదటి పెద్ద ప్రయాణం 2001లో. టయోటా క్వాలిస్ మన రోడ్ల మీదికి వచ్చి అప్పటికి ఏడాదే. మా కుటుంబం, మా ఆడబిడ్డ కుటుంబం కలిసి హార్స్‌లీ హిల్స్ వెళ్లాలనుకున్నాం. డ్రైవరుతో మాట్లాడుకునే బండికి లెక్కలు వేరు: ఎంత తిరిగినా తిరగకపోయినా రోజుకు ఇన్ని వందల కిలోమీటర్లని కనీసం కట్టాలి, డ్రైవరు బత్తా వేరు, రాత్రి నిలుపుకు వేరు, పర్మిట్టు వేరు. మావారు ఆ లెక్కలన్నీ ఒక చిన్న నోటుబుక్కులో రాసి, తిరిగి వచ్చాక ట్రావెల్స్ వాళ్ల బిల్లుతో సరిచూసేవారు. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది. క్వాలిస్‌కు అందం లేదు. ఇనుప బీరువాకు చక్రాలు పెట్టినట్టు ఉంటుందని మా ఆడబిడ్డ అన్నది, నిజమే. కాని ఆ బీరువాలో పదిమంది పట్టారు. వెనకాల ఎదురెదురుగా ఉన్న పక్క సీట్లలో పిల్లలు మోకాళ్లు తాకించుకుంటూ కూర్చుని కర్నూలు దాకా అంత్యాక్షరి ఆడారు.

అనంతపురం దాటి కదిరి దారి పట్టాక డ్రైవరు మాట తడబడడం మొదలైంది. పాతికేళ్ల కుర్రవాడు, పొద్దుటినుంచి టీ తప్ప ఏమీ తీసుకోలేదట. బండి పక్కకు ఆపి దిగి, వేపచెట్టు నీడలో కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతున్నది, చెమట లేదు. వడదెబ్బే. మేం తెచ్చుకున్న మజ్జిగలో ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించి, తల మీద, మెడ మీద తడి గుడ్డలు వేశాం. అతన్ని కదిరిలో డాక్టరుకు చూపించాలంటే బండి నడపవలసింది ఎవరన్నది ఎవరూ అడగలేదు, అందరూ నావైపు చూశారంతే. టాక్సీగా తిరిగే బండిని, దానికి కావలసిన అనుమతి (బ్యాడ్జి) లేని నేను అప్పట్లో నడపకూడదు. ఆ సంగతి తెలిసే నడిపాను. డ్రైవింగు స్కూలు వాళ్ల మారుతి 800 తప్ప మరొకటి ముట్టని చేతులకు ఆ స్టీరింగు మొదట మిద్దె మీది నీళ్లట్యాంకును తోస్తున్నట్టు అనిపించింది. అయితే ఎత్తున కూర్చుంటే రోడ్డు ఎంత దూరం కనిపిస్తుందో, వెనక అంతమంది ఉన్నా మూడో గేరులో ఆ డీజిల్ ఇంజను ఎంత నిబ్బరంగా లాగుతుందో ఆ గంటన్నరలో తెలిసింది. డాక్టరు సెలైను పెట్టించాడు, సాయంత్రానికి కుర్రవాడు లేచి కూర్చుని, "అక్కా, బండికేం కాలేదు కదా?" అన్నాడు. మర్నాడు 4,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ కొండ మీదికి అతనే తీసుకెళ్లాడు. నేను వెనక పక్క సీట్లో, పిల్లల మోకాళ్ల మధ్య కూర్చున్నాను. 2005లో ఇన్నోవా వచ్చి క్వాలిస్‌ను పంపేసినప్పుడు బాధపడ్డ కొద్దిమందిలో నేనొకదాన్ని.

మనమే నడుపుకునే కార్లు అద్దెకు దొరుకుతాయని తెలిసినా, అటు వెళ్లడానికి ధైర్యం చాలడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఈ కార్లకు నంబరు పలక నలుపు, అంకెలు పసుపు. సొంత కార్ల తెల్ల పలకకూ, టాక్సీల పసుపు పలకకూ అలవాటుపడ్డ కళ్లకు అది వింతే. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో వచ్చిన పథకం ప్రకారం ఈ వ్యాపారానికి లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లుండాలి కాబట్టి, అప్పట్లో హైదరాబాద్‌లో ఇలాంటి సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. మే నెలకు కారు కావాలంటే మార్చిలోనే చెప్పుకోవాలి. మొదటిసారి కౌంటరు దగ్గర కూర్చున్న అబ్బాయి ఫారం నింపుతూ మావారివైపు చెయ్యి చాచి, "సార్, లైసెన్సు" అన్నాడు. మావారు నిదానంగా నావైపు చూపించి, "నేను సామాను" అన్నారు. మలక్‌పేట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, ఇదేం పలక, ఏ దేశం ఎంబసీ అని అడిగితే పిల్లలు నాలుగు రోజులు గొప్పలు చెప్పుకున్నారు.

ఆ కారు ఇండికా, ఆ సంవత్సరం 2007, ప్రయాణం మళ్లీ శ్రీశైలమే. నాన్నగారికి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. అమ్మ పోయిన తరువాత ఆయన ఎక్కడికీ కదలడం మానేశారు; "ఏసీ ఉంది, నేనే నడుపుతాను, రండి" అంటే మూడు రోజులు ఆలోచించి సరే అన్నారు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక, దాని మీద చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా నన్ను గమనించడం మొదలుపెట్టారు. సంతోష్‌నగర్, పహాడీ షరీఫ్, తుక్కుగూడ; అవుటర్ రింగు రోడ్డు ఇంకా తెరుచుకోని రోజులు. ఇండికాను ఎగతాళి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, టాక్సీలన్నీ అవే కావడం వల్ల దానికి చులకన వచ్చింది. నేను మాత్రం దాని లోపలి జాగాను మరిచిపోలేను. బయటినుంచి చూస్తే చిన్న బండి. నాన్నగారి మోకాళ్లకు డ్యాష్‌బోర్డు తగలలేదు, వెనక ముగ్గురు ఎడంగా కూర్చున్నారు. టర్బో లేని ఆనాటి చిన్న డీజిల్ కార్లన్నిటి మాదిరే ఘాటు ఎక్కేటప్పుడు ఏసీకీ చక్రాలకూ కలిపి సరిపడేంత బలం లేదు. ఎక్కుడులో ఏసీ ఆపాలి, దిగుడులో వేసుకోవాలి. మా చిన్నవాడు ఆ మీటను కాపలా కాసే ఉద్యోగం తీసుకుని, మలుపు మలుపుకూ "ఆఫ్", "ఆన్" అని అరుస్తూ కూర్చున్నాడు.

డిండి వచ్చేసరికి నాన్నగారు, "కాస్త ఆపమ్మా, చల్లబడనీ" అన్నారు.

"ఇది డీజిల్ బండి నాన్నా, అప్పటి బాధ దీనికి లేదు."

"బాధ లేకపోవచ్చు, ఇంజనైతే ఉంది కదా!"

ఆపాను. మీటరులో వేడి ముల్లు సగానికి దిగువనే ఉంది. ఆయన దిగి, వంతెన వైపు కాసేపు చూసి, సీసాలో నీళ్లతో తువ్వాలు తడిపి, బానెట్ దాకా వెళ్లి చేత్తో తాకి చూసి, ఆ తువ్వాలును తన తల మీదే వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఇరవై నాలుగేళ్ల కిందట మేం ఆగిన చోటు అదేనా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కారు తిరిగి ఇచ్చిన రెండో రోజు ఆ సంస్థ నుంచి ఫోను వచ్చింది, తలుపు జేబులో ఒక కళ్లజోడు డబ్బా దొరికిందని. వెళ్లి తెచ్చాను. కళ్లజోడుతో పాటు మడతలుపెట్టిన పులిహోర విస్తరాకు ముక్క, అందులో గుడి విభూతి ఉన్నాయి. నేను చెప్పేదాకా వాటిని పోగొట్టుకున్న సంగతి నాన్నగారికే తెలియదు. 2011లో ఆయన వెళ్లిపోయాక ఆ డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

పరాయి కారులో నాకు ఇష్టమైనదీ అదే. ఎంత ఊడ్చి తుడిచి ఇచ్చినా మనకంటె ముందు తిరిగినవాళ్ల సెలవులు దాని మూలల్లో మిగిలే ఉంటాయి. కాళ్లకింది పట్టా ఎత్తితే సముద్రపు ఇసుక. సీటు సందులో పక్కపిన్ను, ఎండిన సపోటా గింజ. ఒకసారి తలుపు అద్దం మీద లోపలివైపు ఎవరో పిల్ల అతికించిన ఆరు బొట్టు బిళ్లలు, పెద్దదాని నుంచి చిన్నదాకా వరుసగా. మావారు వాటిని పీకబోతే మా అమ్మాయి వద్దన్నది. అలాగే తిరిగి ఇచ్చేశాం.

2016లో వోక్స్‌వ్యాగన్ పోలో ఇచ్చారు. నేను అడిగింది స్విఫ్టు. అది ఇంకా తిరిగి రాలేదన్నారు. పోలో తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడు బ్యాంకు లాకరు మూసినట్టుంటుంది, నాకు వినగానే నచ్చింది. తరువాత నచ్చనివి ఒకటొకటిగా బయటపడ్డాయి, తప్పంతా నా అలవాటుదే. మన దగ్గర తిరిగే జపాను, కొరియా తరహా కార్లలో ఇండికేటరు మీట స్టీరింగుకు కుడివైపు, వైపర్ల మీట ఎడమవైపు ఉంటాయి. ఈ జర్మనీ కారులో అటుది ఇటు. ఎల్‌బీ నగర్ నుంచి చౌటుప్పల్ దాకా నేను మలుపు తిరగాలనుకున్నప్పుడల్లా మే నెల మిట్టమధ్యాహ్నం పొడి అద్దం మీద వైపర్లు కిర్రుమంటూ తిరిగాయి. వెనకనున్న లారీవాడు హారను కొట్టి నవ్వాడు. పిల్లలు ప్రతిసారీ "వానొచ్చింది!" అని చప్పట్లు కొట్టారు. ఇక ఆ కారుకు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర కళ్లెం బిగించి ఉంది. అప్పటికే నాలుగు వరుసలుగా వెడల్పయిన విజయవాడ హైవే మీద మమ్మల్ని దాటిపోనిది ముంజల బండి ఒక్కటే. మావారు మాత్రం తన జీవితంలో ఇంత మంచి కారు చూడలేదని రెండుసార్లు అన్నారు.

సూర్యాపేటలో టిఫిను తిని వచ్చేసరికి మా ముందు ఒక బస్సు, పక్కన గోడ. వెనక్కి తీస్తే తప్ప దారి లేదు. గేరు పిడి మీద ఆర్ అక్షరం ఎడమ పక్కన పైన, ఒకటో గేరు పక్కనే రాసి ఉంది. అటు తోస్తాను, ఒకటో గేరే పడుతుంది, కారు బస్సు వైపు జానెడు జరుగుతుంది. మళ్లీ తోస్తాను, మరో జానెడు. మావారు దిగి బస్సు వెనక నిలబడి, కారు తనను గుద్దితే ఆపడానికన్నట్టు రెండు చేతులూ చాపారు. ఏసీ చల్లదనంలోనూ నా వీపు తడిసిపోయింది. హోటలు ముందు నీళ్ల సీసాలు అమ్మే కుర్రవాడు కాసేపు చూసి, దగ్గరికి వచ్చి అద్దం మీద వేలితో తట్టాడు. "మేడమ్, పిడిని కిందికి ఒత్తుండ్రి, ఒత్తి పట్టుకొని ఎడమకు అనుండ్రి, అటెంక ముందుకు" అన్నాడు. ఒత్తాను. పిడి అంగుళం లోపలికి దిగి, ఇంతసేపూ అడ్డున్న గోడ ఏదో తొలగినట్టు గేరు జారి పడింది. అతనికి ఎలా తెలుసని అడిగితే, "ఈ నల్ల ప్లేటు బండ్లు రోజుకు రెండన్నా ఈడనే ఆగుతయి మేడమ్" అన్నాడు. నాలుగు సీసాలు కొన్నాం, రెండు చాలేవి.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మరో అరగంట పోయింది. అద్దె బండి రవాణా వాహనం లెక్కలోకి వస్తుంది కనుక, రాష్ట్రం రెండయ్యాక అక్కడ పన్ను చీటీ చూపించవలసి వచ్చింది. చిన్నప్పటినుంచి కోదాడ తరువాత నందిగామ అనుకుంటూ కళ్లుమూసుకుని దాటిన చోట, కిటికీ ముందు కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడడం కొత్తగా అనిపించింది.

ఆ ప్రయాణం నుంచి తిరిగి వచ్చినప్పుడే మాకు దెబ్బ తగిలింది. కారు ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ ఒక ఫారం నింపుతారు. అందులో కారు బొమ్మను అయిదు వైపులనుంచి గీతలతో వేసి ఉంటారు. ఎక్కడెక్కడ గీతలు, సొట్టలు ఉన్నాయో ఆ బొమ్మ మీద ఇంటూ గుర్తులు పెట్టాలి, పెట్రోలు ముల్లు ఎక్కడుందో రాయాలి, కింద సంతకం చేయాలి. తీసుకునేది తెల్లవారుజామున, సెల్లారులో, ఒకే ఒక ట్యూబ్‌లైటు కింద. తిరిగి ఇచ్చేది మిట్టమధ్యాహ్నం ఆరుబయట. వెనక ఎడమ తలుపు కింద చూపుడువేలంత గీత ఒకటి మా బొమ్మలో లేదు, కారు మీద ఉంది. అది మేం తీసుకున్నప్పుడే ఉందని నేను ప్రమాణం చేయగలను, కాని కాగితం మీద ఇంటూ లేదు. డిపాజిట్టులో మూడు వేలు పట్టుకున్నారు. మావారు నోటుబుక్కు తీసి, ఆ ప్రయాణం లెక్క చివర "గీత: 3,000" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

అప్పటినుంచి ఆయన పద్ధతి మారింది. సామాను డిక్కీలో పెట్టక ముందే ఫోను తీసి కారు చుట్టూ ప్రదక్షిణం చేసేవారు. నాలుగు వైపులు, నాలుగు చక్రాలు, స్టెప్నీ, అద్దాలు, కిలోమీటర్ల మీటరు, పెట్రోలు ముల్లు, చివరగా కారు పక్కన నిలబడ్డ సంస్థ మనిషి ముఖం కూడా. 2018లో ఎర్టిగా తీసుకున్నప్పుడు నలభై ఏడు ఫోటోలు తీశారు. ఆ ఎర్టిగా గురించి నాకు చెప్పడానికేమీ లేదు. బిగువు లేని క్లచ్, చల్లని ఏసీ, ఎక్కడి మీట అక్కడే. నాలుగు రోజులు తిరిగినా ఒక్కసారీ దాని ఉనికి గుర్తు రాలేదు. పిల్లలు ఆ ఏడాదికి పేరు కూడా పెట్టలేదు.

మరుసటి ఏడాది నాచారం ఫ్లాటుకు మారాం, సెల్లారులో మాకంటూ ఒక జాగా, దాని మీద ఫ్లాటు నంబరు. ఆ జాగా చూశాకే వ్యాగన్ఆర్ కొన్నాం. తెల్ల పలక, నల్ల అంకెలు. దాని ఇండికేటరు కుడివైపు ఉందని షోరూములో మొట్టమొదట చూసుకున్నాను; నాన్నగారి కళ్లజోడు డబ్బాను ముందు తలుపు జేబులో పెట్టాను. మొన్న ఏప్రిల్‌లో శ్రీశైలం బయలుదేరుతూ నేను స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాను కాని మావారు ఎంతకీ ఎక్కలేదు. అద్దం దించి చూస్తే వెనక ఎడమ తలుపు దగ్గర వంగి, ఫోను దీపం వేసి, మన కారుకే ఫోటో తీస్తున్నారు.